కీ సరిగ్గానే ఉన్నా సర్వర్ ఎందుకు రానివ్వదు? రిమోట్ లాగిన్‌లో యూజర్ గుర్తింపు చిక్కులు

క్లుప్తంగా

దూరంగా ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్షన్‌తో రిమోట్‌గా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్లబోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. చాలామంది వెంటనే కీని (పాస్‌వర్డ్ బదులు గుర్తింపు నిరూపించే ప్రైవేట్, పబ్లిక్ ఫైళ్ల జతను) అనుమానించి కొత్తది తయారుచేస్తారు. అయితే యూజర్ పేరు తప్పైనా, వేరే కీ వెళ్లినా, సర్వర్‌లో ఫోల్డర్ పర్మిషన్లు సరిగ్గా లేకపోయినా బయటికి కనిపించేది దాదాపు ఆ ఒక్క మాటే. అసలు కారణం సర్వర్ లాగ్‌లో, అంటే జరిగినవన్నీ సర్వర్ రాసుకునే ఫైలులో ఉంటుంది. ఏ పేరుతో వెళ్తున్నాం, ఏ కీ చూపిస్తున్నాం, లోపలికి వెళ్లాక ఎవరిగా లెక్కలో ఉన్నాం అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడివిడిగా చూస్తే సమస్య చాలావరకు తొందరగానే దొరుకుతుంది.

పేరు ముందు, రుజువు తర్వాత

1995కు ముందు ఒక యూనిక్స్ మిషన్ నుంచి ఇంకో మిషన్‌లోకి వెళ్లడానికి టెల్‌నెట్, ఆర్‌లాగిన్ వాడేవారు. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా నెట్‌వర్క్ మీద వెళ్లేది. ఆర్‌లాగిన్ ఇంకా అమాయకమైనది. నమ్మకస్తుల జాబితాలో ఉన్న మిషన్ ‘ఈ మనిషి ఫలానా’ అంటే చాలు, అవతలి మిషన్ ఒప్పేసుకునేది. ఆ ఏడాది హెల్సింకీ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేశారు. దాంతో అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. ఇప్పుడు లైనక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం నుంచి వచ్చింది.

ఇందులో లాగిన్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట సర్వర్ తన సొంత గుర్తింపు కీ అయిన హోస్ట్ కీతో తానెవరో నిరూపించుకుంటుంది, ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. యూజర్ వంతు ఆ తర్వాతే. యూజర్ పంపే ప్రతి అభ్యర్థనలో ముందుగా పేరు, తర్వాత కావాల్సిన సర్వీసు, ఆపైన నిరూపించుకునే పద్ధతి ఉంటాయి. పబ్లిక్ కీ పద్ధతిలో క్లయింట్ ప్రైవేట్ కీతో చేసే సంతకం ఆ పేరును కూడా కలుపుకునే ఉంటుంది. అంటే ‘ఈ కీ నాది’ అన్నంత మాత్రాన సరిపోదు. ‘ఈ పేరు గల అకౌంట్‌లోకి ఈ కీతో వస్తున్నాను’ అని చెప్పినట్టు లెక్క. సర్వర్ కూడా ఆ పేరు పట్టుకునే ఆ అకౌంట్ హోమ్ ఫోల్డర్‌కు వెళ్లి, అక్కడున్న ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైలు (అనుమతించిన పబ్లిక్ కీల జాబితా) తెరిచి చూస్తుంది.

పేరు తప్పయితే సర్వర్ చూసే ఫైలే వేరు, లేదా అసలు ఫైలే లేదు. అప్పుడు ఎంత మంచి కీ ఉన్నా ఉపయోగం లేదు. పేరు తప్పును సరిచేయకుండా కొత్త కీలు తయారు చేస్తూ పోతే గంటలు గడుస్తాయి తప్ప తలుపు తెరుచుకోదు.

సర్వర్ కావాలనే నోరు విప్పదు

‘అలాంటి యూజర్ ఇక్కడ లేడు’ అని సర్వర్ చెప్పేస్తే సగం టెన్షన్ తగ్గేది. అలా చెప్పకపోవడం లోపం వల్ల కాదు. చెబితే దాడి చేసేవాడికి ఏ పేర్లు ఉన్నాయో, ఏవి లేవో తెలిసిపోతుంది. ఆపైన ఉన్న పేర్ల మీదే పాస్‌వర్డ్‌లు ప్రయోగిస్తాడు. అందుకే 2006లో వచ్చిన ప్రామాణిక పత్రం ప్రకారం, పేరు లేకపోయినా సర్వర్ ఉన్నట్టే నటిస్తూ అడగాల్సిన పద్ధతుల జాబితా పంపవచ్చు. చివరికి ఒప్పుకోకూడదు, అంతే.

ఈ నటనలో చిన్న తేడా దొరికినా ప్రమాదమే. 2018లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.7, అంతకుముందు వెర్షన్లలో అలాంటిదే బయటపడింది. తప్పుగా తయారుచేసిన అభ్యర్థన ఒకటి పంపితే, ఉన్న పేరుకు ఒకలా, లేని పేరుకు ఇంకోలా సర్వర్ స్పందించేది. 7.8లో దాన్ని సరిచేశారు. అంటే ఈ మౌనం ఏళ్ల తరబడి పనిగట్టుకుని కాపాడుతున్న లక్షణం.

సర్వర్ తన డైరీలో మాత్రం ఏదీ దాచుకోదు. ఉబుంటు, డెబియన్‌లలో ‘ఆథ్ డాట్ లాగ్’, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘సెక్యూర్’ అనే ఫైలు, లేదా జర్నల్‌లో వెతికితే తేడా వెంటనే తెలుస్తుంది. పేరు లేకపోతే ‘ఇన్‌వ్యాలిడ్ యూజర్’ అని, పక్కనే వచ్చిన పేరు, ఐపీ అడ్రసు ఉంటాయి. పేరు ఉండి రుజువు కుదరకపోతే ‘కనెక్షన్ క్లోజ్డ్ బై ఆథెంటికేటింగ్ యూజర్’ అని ఉంటుంది. క్లయింట్ వైపు ఒకేలా కనిపించిన రెండు తప్పులు ఇక్కడ వేరైపోతాయి. సర్వర్ లాగ్ చూసే అధికారం లేనివాళ్లు అడ్మిన్‌కు ‘లాగిన్ అవ్వట్లేదు’ అని మెయిల్ పెట్టడం కన్నా, ప్రయత్నించిన సమయం, తమ పబ్లిక్ ఐపీ, వాడిన పేరు రాసి పంపితే పని ఒక్క పూటలో అయిపోతుంది.

ఏ పేరుతో వెళ్తున్నట్టు?

కమాండ్‌లో పేరు ఇవ్వకపోతే ఎస్‌ఎస్‌హెచ్ సొంత మిషన్‌లోని యూజర్ పేరునే పంపుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉద్యోగి నంబరుతో అకౌంట్ ఉన్నవాళ్లకు ఆ నంబరే వెళ్తుంది. సర్వర్‌కు అదెవరో తెలియదు. దీన్ని పట్టుకోవడానికి కమాండ్‌కు ‘మైనస్ వి’ చేర్చి నడిపితే చాలు. బోలెడన్ని డీబగ్ లైన్లు వస్తాయి, వాటిలో ‘ఆథెంటికేటింగ్ టు’ అని మొదలయ్యే లైను ఒకటి ఉంటుంది. సర్వర్ అడ్రసు, పోర్టు 22, చివర్లో ‘యాజ్’ అన్న మాట తర్వాత కోట్‌లలో పేరు. ఆ పేరు అనుకున్నదేనా అని చూడటం మొత్తం వెతుకులాటలో అతి చవకైన పని. అయినా ఎక్కువమంది ఆ లైను దాటేసి కింద ఉన్న ఎర్రర్ దగ్గరికి వెళ్లిపోతారు.

క్లౌడ్ సర్వర్లలో ఈ గందరగోళం ఎక్కువ. అమెజాన్ లైనక్స్ ఇమేజ్‌లో (సర్వర్ తయారుచేసే సిద్ధమైన నమూనాలో) మొదటి యూజర్ ‘ఈసీ2-యూజర్’. అదే అమెజాన్‌లో ఉబుంటు పెట్టుకుంటే ‘ఉబుంటు’, డెబియన్ అయితే ‘అడ్మిన్’. ఒరాకిల్ క్లౌడ్‌లో ఒరాకిల్ లైనక్స్ అయితే ‘ఓపీసీ’. అజ్యూర్ పోర్టల్ ‘అజ్యూర్‌యూజర్’ అన్న పేరు సూచిస్తుంది, ఇష్టమైతే మార్చుకోవచ్చు. డిజిటల్ ఓషన్‌లో నేరుగా ‘రూట్’, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్. ఒక చోట పనిచేసిన పాఠం చూసి ఇంకోచోట అవే అడుగులు వేస్తే అకౌంటే ఉండదు. అమెజాన్‌లో ఉబుంటు ఇమేజ్‌లోకి రూట్‌గా వెళ్తే మాత్రం సర్వర్ కాస్త మర్యాద చూపిస్తుంది. ‘రూట్ కాకుండా ఉబుంటు యూజర్‌తో రండి’ అని చెప్పి కొన్ని క్షణాల్లో కనెక్షన్ తెంచేస్తుంది. అలా చెప్పగలగడానికి కారణం అక్కడ కీ కుదరడమే. ఎవరో తెలియనివాడికి ఆ సలహా కూడా దక్కదు.

రెండో గందరగోళం సొంత మిషన్‌లోని కాన్ఫిగ్ ఫైలుది. చాలా సాఫ్ట్‌వేర్లలో కింద రాసింది పైదాన్ని కొట్టేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో దానికి పూర్తిగా తలకిందులు. ఒక సెట్టింగ్‌కు మొదట దొరికిన విలువే ఖాయం. అన్ని హోస్ట్‌లకూ వర్తించే ‘హోస్ట్ స్టార్’ భాగాన్ని ఫైలు మొదట్లో పెట్టి అందులో యూజర్ పేరు రాస్తే, కింద ఏ సర్వర్‌కు ఎంత జాగ్రత్తగా వేరే పేరు రాసినా పట్టించుకోదు. ఆ భాగం ఎప్పుడూ చివర్లోనే ఉండాలి. చివరికి ఏ విలువలు అమలవుతున్నాయో చూడటానికి ‘మైనస్ క్యాపిటల్ జి’ ఆప్షన్ ఉంది. కనెక్ట్ కాకుండానే లెక్క తేల్చి చూపిస్తుంది.

పెద్ద కంపెనీల్లో యూజర్ పేర్లు యాక్టివ్ డైరెక్టరీ (ఉద్యోగులందరి అకౌంట్లు ఒకేచోట ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) నుంచి వస్తాయి. తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, ఫారాలేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడుగుతాయి. ఆఫర్ లెటర్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉన్న పేరు నుంచి సిస్టమ్ తనకు తోచినట్టు లాగిన్ పేరు తయారుచేస్తుంది. దానికి తోడు డైరెక్టరీలో పాతకాలం లాగిన్ పేరుకు 20 అక్షరాల పరిమితి. వెంకటసత్యనారాయణ అన్న పేరును ఇంగ్లిష్‌లో మామూలు స్పెల్లింగ్‌తో కలిపి రాస్తే సరిగ్గా 20 అక్షరాలు. ముందు ఇంటిపేరు అక్షరం ఒక్కటి చేరినా చివరి అక్షరం తెగిపోతుంది. ఈమెయిల్ అడ్రసులో పేరు పూర్తిగా ఉంటుంది కాబట్టి మనిషి అదే టైప్ చేస్తాడు, సర్వర్ ‘ఇన్‌వ్యాలిడ్ యూజర్’ అని రాసుకుంటుంది. డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు కలిపి ఇచ్చే చోట ఇంకో తిరకాసు. ఆ బ్యాక్‌స్లాష్‌ను లైనక్స్ షెల్ (కమాండ్లు చదివే ప్రోగ్రామ్) మింగేస్తుంది, కోట్‌లలో పెడితేనే అవతలికి చేరుతుంది.

కీలు ఎక్కువైనా కష్టమే

ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అనేది తాళాలగుత్తి లాంటిది. సర్వర్ ముందు ఒక్కో కీ తీసి చూపిస్తూ పోతుంది. సర్వర్‌కు ఓపిక తక్కువ. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘మ్యాక్స్ ఆథ్ ట్రైస్’ విలువ మామూలుగా 6. చూపించి కుదరని ప్రతి కీ ఒక విఫల ప్రయత్నంగా లెక్కకొస్తుంది. ఏజెంట్‌లో ఎనిమిది కీలుండి సరైనది ఏడోది అయితే, దాని వంతు రాకముందే ‘టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ అని కనెక్షన్ తెగిపోతుంది. పాస్‌వర్డ్ అడగాల్సిన సర్వర్ కూడా అడగకుండానే గెంటేసేది ఇందుకే.

‘మైనస్ ఐ’ తో సరైన కీ ఫైలు చూపించాం కదా అన్న ధీమా కూడా పనిచేయకపోవచ్చు. ఆ కీ ఏజెంట్‌లో లేకపోతే, ముందు ఏజెంట్‌లో ఉన్న కీలన్నీ చూపించి, ఆఖర్న గానీ ఫైలులోని కీ జోలికి రాదు. దీనికి మందు ‘ఐడెంటిటీస్ ఓన్లీ’ అనే సెట్టింగ్. అది ‘ఎస్’ అని ఉంటే చెప్పిన కీలు తప్ప వేరేవి చూపించదు. డీబగ్ లైన్లలో ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’ అన్నవి లెక్కపెడితే పరిస్థితి అర్థమవుతుంది. వాటి తర్వాత ‘సర్వర్ యాక్సెప్ట్స్ కీ’ అన్న లైను వచ్చిందా లేదా అన్నదే కీలకం.

ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో వ్యవహారం వేరు. అక్కడ అందరూ ‘గిట్’ అనే ఒకే పేరుతో వెళ్తారు. మనిషెవరో తేల్చేది కీ మాత్రమే, అందుకే ఒక కీని రెండు అకౌంట్లకు పెట్టనివ్వదు. ఆఫీసు అకౌంట్, సొంత అకౌంట్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నవాళ్లకు ఏజెంట్ ముందు చూపించిన కీ ఎవరిదైతే వాళ్లుగానే లాగిన్ అవుతుంది. లాగిన్ సక్సెస్, కానీ ఆఫీసు రిపాజిటరీ తెరవబోతే ‘రిపాజిటరీ నాట్ ఫౌండ్’. రిపాజిటరీ ఎక్కడికీ పోలేదు, వచ్చిన మనిషికి అది చూసే హక్కు లేదు, అంతే. గిట్‌హబ్‌కు ‘మైనస్ క్యాపిటల్ టి’ తో ఒకసారి కనెక్ట్ అయితే ‘హాయ్’ అని పేరు పెట్టి పలకరిస్తుంది. ఏ పేరు పెట్టి పిలిచిందో చూస్తే సంగతి తేలిపోతుంది. మామూలు కమాండ్ పనిచేయకపోతే ముందు ‘సుడో’ (రూట్ అధికారంతో నడపమనే మాట) తగిలించే అలవాటు ఇక్కడ ఇంకా చేటు చేస్తుంది. సుడోతో నడిస్తే ఎస్‌ఎస్‌హెచ్ రూట్ ఫోల్డర్‌లో కీల కోసం వెతుకుతుంది, సొంత కీలు దానికి కనిపించవు.

కీ సరైనదే, అయినా సర్వర్ ఒప్పుకోదు

పేరు సరే, కీ సరే, ఆథరైజ్డ్ కీస్ ఫైలులో ఆ లైను కూడా ఉంది. అయినా డినైడ్. ఇలాంటప్పుడు ఎక్కువగా దొరికే దొంగ ‘స్ట్రిక్ట్ మోడ్స్’ అనే సర్వర్ సెట్టింగ్. హోమ్ ఫోల్డర్‌లో గానీ, ‘డాట్ ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్‌లో గానీ, ఆ కీల ఫైలులో గానీ వేరేవాళ్లు రాయడానికి వీలుంటే సర్వర్ ఆ ఫైలును నమ్మదు. ఇంకొకరు తమ కీని అందులో దూర్చి ఉండొచ్చని దాని అనుమానం. ఎవరో ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అని) ఇచ్చి ‘ఇప్పుడు అన్నీ పనిచేస్తాయి’ అనుకున్న మరుక్షణం నుంచి లాగిన్ ఆగిపోతుంది. లాగ్‌లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఫోల్డర్ పేరుతో సహా ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఫైలుకు 600 (యజమానికి తప్ప ఎవరికీ హక్కు లేకుండా) ఇచ్చి, హోమ్ ఫోల్డర్‌కు గ్రూపు, ఇతరుల రాసే హక్కు తీసేస్తే సరిపోతుంది. ఎస్‌ఈలైనక్స్ (ఫైళ్లకు భద్రతా లేబుళ్లు పెట్టే అదనపు కాపలా) నడిచే సర్వర్లలో పర్మిషన్లు బాగున్నా లేబుల్ తప్పైతే అదే ఫలితం. ‘రీస్టోర్‌కాన్’ కమాండ్‌తో దాన్ని సరిచేస్తారు.

విండోస్ సర్వర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పెట్టినవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది. అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులో ఉన్నవాళ్ల కీలను వాళ్ల సొంత ఫోల్డర్‌లో చూడదు. ‘ప్రోగ్రామ్‌డేటా’ కింద అడ్మిన్‌లందరికీ కలిపి వేరే ఫైలు ఉంటుంది, అక్కడ పెట్టాలి.

నిన్నటి దాకా పనిచేసిన కీ ల్యాప్‌టాప్ అప్‌డేట్ కాగానే మొరాయిస్తే కారణం వయసు కావచ్చు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 ఆర్‌ఎస్‌ఏ అనే పాత రకం కీలతో షా-1 పద్ధతి సంతకాలను మామూలుగా అనుమతించడం మానేసింది. కీ చెడిపోలేదు, పాత సర్వర్‌కు తెలిసిన సంతకం పద్ధతిని కొత్త క్లయింట్ వాడనంటోంది. డీబగ్‌లో ‘నో మ్యూచువల్ సిగ్నేచర్’ అన్న మాట కనిపిస్తే విషయం ఇదే. ఈడీ25519 రకం కీ మంచి మార్గం. 2023 నుంచి కొత్త కీ చేయమంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా చేసేది కూడా ఆ రకమే.

అకౌంట్ లాక్ అయి ఉండటం, గడువు తీరిపోవడం, అనుమతించిన యూజర్ల జాబితాలో పేరు లేకపోవడం లాంటివి లాగ్‌లో స్పష్టంగానే రాసి ఉంటాయి కాబట్టి వాటికి పెద్ద వెతుకులాట అక్కర్లేదు. కెర్బెరోస్ (టికెట్లతో నడిచే లాగిన్ పద్ధతి) వాడే చోట రెండు మిషన్ల గడియారాల మధ్య తేడా ఐదు నిమిషాలు దాటితే లాగిన్ కాదన్నది మాత్రం గుర్తుండాలి. పాస్‌వర్డ్ సరైనదే అని ఎంత మొత్తుకున్నా గడియారం సరిచేసేదాకా లాభం లేదు.

లోపలికి వెళ్లాక మనిషి మారితే

లాగిన్ అయిపోతే గుర్తింపు సమస్య తీరిపోయినట్టు కాదు. లైనక్స్ కెర్నల్‌కు పేర్లతో పనిలేదు, అది చూసేది యూఐడీ అనే యూజర్ అంకెను. పేరు నుంచి అంకెకు, అంకె నుంచి పేరుకు మార్చే పని పాస్‌వర్డ్ ఫైలో, ఎల్‌డాప్ అనే కేంద్ర యూజర్ జాబితా సర్వరో చేస్తుంది. రెండు సర్వర్లలో ఒకే పేరుకు వేర్వేరు అంకెలుంటే ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ల (నెట్‌వర్క్ మీద పలు సర్వర్లు పంచుకునే ఫోల్డర్ల) దగ్గర అసలు ఇబ్బంది మొదలవుతుంది. సాధారణ ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో క్లయింట్ పంపేది యూఐడీ, గ్రూపు అంకెలే. మొదటి సర్వర్‌లో 1000 అంటే రమ, రెండో దాంట్లో 1000 అంటే రఘు అనుకుందాం. రమ రాసిన ఫైళ్లు రెండో సర్వర్‌లో రఘువి అయిపోతాయి, చెరపడానికి కూడా అతనికి హక్కు ఉంటుంది. పాత రెడ్‌హ్యాట్ 6లో మామూలు యూజర్ల అంకెలు 500 నుంచి మొదలయ్యేవి, 7 నుంచి 1000కి మారాయి. పాత సర్వర్ నుంచి కొత్తదానికి డేటా తరలించిన చోట్ల ఈ తేడా ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది.

గ్రూపుల కథ ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. అడ్మిన్ ఒకరిని డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వాడే హక్కున్న గ్రూపులో చేర్చి ‘అయిపోయింది, చూసుకో’ అంటాడు. ఇవతల ఇంకా డినైడ్. నడుస్తున్న సెషన్‌కు గ్రూపులు లాగిన్ అయినప్పుడే అంటుకుంటాయి. బయటికి వెళ్లి మళ్లీ వస్తే తప్ప కొత్త గ్రూపు అమలుకు రాదు. ‘ఐడీ’ కమాండ్ ఒట్టిగా కొడితే ఈ సెషన్‌కు ఉన్న గ్రూపులు చూపిస్తుంది, పక్కన పేరు ఇస్తే డేటాబేసులో ఉన్నవి చూపిస్తుంది. రెండూ కలవకపోతే మళ్లీ లాగిన్ కావాలి. మళ్లీ లాగిన్ అయినా రాకపోతే ఎస్‌ఎస్‌ఎస్‌డీ (డైరెక్టరీ నుంచి యూజర్ వివరాలు తెచ్చే ప్రోగ్రామ్) క్యాష్‌ను అనుమానించాలి. అది డైరెక్టరీ వివరాలను మామూలుగా 5400 సెకన్లు, అంటే గంటన్నర, దాచుకుంటుంది. సాధారణ ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతి ఒక యూజర్‌కు 16 గ్రూపులకు మించి పంపలేదు. ఎక్కువ గ్రూపుల్లో ఉన్న సీనియర్లకే ఫోల్డర్లు తెరుచుకోకపోవడం వెనక ఒక్కోసారి ఇదే ఉంటుంది.

పెద్ద హెచ్చరిక వస్తే అది మన గురించి కాదు

‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్’ అని పెద్ద అక్షరాలతో, చుట్టూ ‘@’ గుర్తులతో వచ్చే సందేశాన్ని చాలామంది తమ లాగిన్ సమస్యగా పొరబడతారు. అక్కడ ప్రశ్న సర్వర్ గుర్తింపు గురించి. ఇంతకుముందు దాచుకున్న హోస్ట్ కీ ఇప్పుడు వచ్చిన దానితో కలవలేదు. సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, అదే ఐపీ కొత్త మిషన్‌కు ఇచ్చినా ఇలా వస్తుంది. మధ్యలో ఎవరైనా చొరబడినా ఇలాగే వస్తుంది. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీని మార్చినప్పుడు ఎంతోమంది డెవలపర్లకు ఈ హెచ్చరిక కనిపించింది. అప్పుడు కొత్త కీ వేలిముద్రను (కీని గుర్తుపట్టే చిన్న కోడ్‌ను) గిట్‌హబ్ తన సైట్‌లో ప్రకటించింది కాబట్టి సరిపోల్చుకునే వీలుంది. అలా సరిచూసుకోకుండా పాత కీని తీసేసి ముందుకెళ్లడం మాత్రం తెలిసి తెలిసి తలుపు తెరిచిపెట్టడమే.

వెతికే వరస

ముందు డీబగ్ లైన్లలో పేరు, ఆపైన చూపించిన కీలు, అప్పటికీ తేలకపోతే సర్వర్ లాగ్. ఈ వరస తప్పితే అనవసరపు ప్రయత్నాలు పెరుగుతాయి, వాటి వల్ల కొత్త చిక్కు వస్తుంది. ఫెయిల్‌2బ్యాన్ లాంటివి ఉన్న సర్వర్ పదేపదే తప్పుతున్న ఐపీని కాసేపు అడ్డుకుంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 నుంచి సర్వరే స్వయంగా ఇలాంటి శిక్ష వేయగలదు. అప్పుడు ‘డినైడ్’ పోయి ‘టైమ్‌అవుట్’, ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ లాంటివి రావచ్చు, చూసేవాళ్లు నెట్‌వర్క్ సమస్య అనుకుని వీపీఎన్ టీమ్ వెంటపడతారు. మొబైల్ హాట్‌స్పాట్ నుంచి ఒకసారి ప్రయత్నిస్తే ఐపీ అడ్డుకున్నారా లేదా అన్నది తేలుతుంది.

సర్వర్ వైపు సెట్టింగ్ మార్చాల్సి వస్తే అక్కడా ‘మొదటి విలువే ఖాయం’ అన్న నియమమే నడుస్తుంది. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో పాస్‌వర్డ్ లాగిన్ గురించి క్లౌడ్-ఇనిట్ (సర్వర్ మొదటిసారి లేచినప్పుడు సెట్టింగ్‌లు పెట్టే ప్రోగ్రామ్) రాసిపెట్టిన చిన్న ఫైలు ఒకటి వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని ప్రధాన ఫైలు కన్నా ముందు చదువుతుంది. ప్రధాన ఫైలులో ఎన్నిసార్లు మార్చినా ఫలితం కనిపించకపోవడం దాని పనే. మార్పు చేశాక ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి’ తో తప్పులున్నాయేమో చూసి, సర్వీసు రీలోడ్ చేసి, ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడాలి. అది పనిచేసిందని తేలేదాకా అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌ను మూసేయకూడదు. రీలోడ్ వల్ల పాత సెషన్ తెగదు, మార్పు బెడిసికొడితే సరిచేయడానికి మిగిలేది అదొక్కటే.